నీళ్ళు తగ్గించింది మా అక్కే

మా అక్క తెరెసా పోయిన మర్నాడు ఆమె ఫోనుకి పదకొండు కాల్స్ వచ్చాయి. అందులో తొమ్మిది చేపల గురించి. "తెరెసమ్మా, నీళ్ళు తెల్లబడ్డాయి, ఎప్పుడొస్తావ్?" అని ఒకరు. "మందు సీసా అయిపోయింది, ఏ రంగు మూత ఉన్నది కొనాలి?" అని ఇంకొకరు. అందరికీ ఒకే వాక్యం చెప్పాను. ఆ వాక్యం నా నోట్లోంచే వస్తోందని నాకు తెలియడం లేదు. మంగళవారం పొద్దున బకెట్ ఎత్తిన మనిషి మంగళవారం మధ్యాహ్నానికి లేదు. ఆ రోజు గురించి ఇంతకు మించి ఇంకా రాయలేను. నాలుగేళ్ళ కిందటి ఇంకో రోజు గురించి రాస్తాను. మా అక్క ఎలాంటి మనిషో నాకు తెలిసింది ఆ రోజే. మిగతా లోకం ఎలాంటిదో తెలిసింది ఆ తర్వాతి వారంలో. రెండూ నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

మాది గన్నవరం పక్కన. మా బావ రాజబాబు పెళ్ళయిన కొత్తలో హైదరాబాదు వచ్చి యూసుఫ్‌గూడలో రంగుచేపల దుకాణం పెట్టాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన పోయాక దుకాణం మూతపడింది. మిగిలినవి రెండు బకెట్లు, ఒక రబ్బరు గొట్టం, జూబ్లీహిల్స్‌లోనూ ఫిల్మ్ నగర్‌లోనూ ఆయన శుభ్రం చేసే చేపల తొట్టిల చిరునామాలు. అక్కకి అప్పుడు నలభై నాలుగేళ్ళు. కుచ్చిళ్ళు పైకి దోపుకుని, బకెట్లు కాళ్ళ దగ్గర పెట్టుకుని, మధురానగర్ నుంచి ఆటోలో బయల్దేరేది. మొదట్లో వాచ్‌మెన్లు ఆమెని వంటకి వచ్చిన మనిషనుకుని వెనక గుమ్మం చూపించేవాళ్ళట. "చేపకొచ్చానయ్యా" అంటే "కూర వండనీకా?" అని అడిగినవాడు కూడా ఉన్నాడు. ఆ మాట చెప్పి చెప్పి నవ్వేది.

పని మాత్రం ఆమెకి నవ్వులాట కాదు. తొట్టిలో నీళ్ళు వారం వారం మార్చాలి, కానీ మొత్తం కాదు, పావు వంతే. పోసే నీళ్ళు కుళాయి నుంచి నేరుగా పోయకూడదు. ముందురోజే డ్రమ్ముల్లో పట్టి, యాంటీ క్లోరిన్ మందు కలిపి ఉంచాలి. మందు సూది తీసేసిన సిరంజితో కొలిచేది. మూతతో పోస్తే ఒప్పుకునేది కాదు.

"మనం తాగడానికని కుళాయికొచ్చే మంజీరా నీళ్ళలో క్లోరిన్ వేస్తారురా. మనకి అది మందు. చేప మొప్పలకి నిప్పు" అనేది. "దానికి విరుగుడు ఈ సీసా. తక్కువ పోస్తే నిప్పు ఆరదు. ఎక్కువ పోస్తే, ఆర్పడానికి క్లోరిన్ దొరక్క నీళ్ళలో ఉన్న గాలి మీద పడుతుంది. అప్పుడు చేపకి ఊపిరాడదు. అందుకని ఎన్ని కొత్త నీళ్ళు పోస్తున్నామో తెలియాలి. అది తెలియకపోతే సీసా ముట్టుకోకు."

ఎన్ని నీళ్ళో తెలియడానికి ఆమెకొక పద్ధతి ఉండేది. బకెట్‌కి ఒక మరియమ్మ జపం, ఒక పూస. జపమాల ఎడమ చేతి మణికట్టుకి చుట్టి ఉండేది. పది పూసలైతే పది బకెట్లు, అంటే నూట యాభై లీటర్లు, అంటే సిరంజిలో ఈ గీత. "బకెట్లు లెక్కెట్టడానికి దేవుణ్ణి వాడుకుంటున్నావా?" అని నేను ఏడిపిస్తే, "ఆవిడకి చేపలంటే పడదని ఎవరు చెప్పారు నీకు?" అని నా నెత్తిన ఒకటి వేసింది.

ఆమెకున్న పదకొండు చోట్లలో పెద్దది ఫిల్మ్ నగర్‌లో నిర్మాత పరబ్రహ్మంగారి ఆఫీసు. తక్కిన పదిళ్ళలో చాలావరకు ఆయన మాట మీద వచ్చినవే. రిసెప్షన్‌లో ఆరడుగుల తొట్టి, అందులో ఒకే ఒక్క అరోవానా చేప, మూరెడు పొడుగు, వెండి రేకులాంటి పొలుసులు. ఆ చేప వచ్చిన ఏడాదే ఆయన సినిమా ఆడింది. అప్పట్నుంచి దానికి ఆఫీసులో ఉన్న మర్యాద హీరోకి కూడా లేదు. వాస్తు చూసినాయన వచ్చి ఒక మాట చెప్పి వెళ్ళాడట. ఆ తొట్టిలో నీళ్ళు ఏ క్షణంలోనూ తగ్గి కనిపించకూడదు. నీళ్ళు తగ్గితే వసూళ్ళు తగ్గుతాయి.

వేరే ఎవరైనా అయితే ఈ పని నా వల్ల కాదనేవాళ్ళు. అక్క ఒప్పుకుంది. ఒక బకెట్ తీయడం, వెంటనే ఒక బకెట్ పోయడం. గాజు మీద నీటి మట్టం దగ్గర ఒక బొట్టుబిళ్ళ అంటించింది. నీళ్ళు బిళ్ళ కిందికి దిగకూడదు. గంటలో అయ్యే పనికి నాలుగు గంటలు పట్టేది. మట్టం కదలదు కనుక ఎన్ని నీళ్ళు మారాయో కంటితో చూస్తే తెలియదు. తెలిసేది పూసలకే.

నేను అంతకుముందు ఒక పత్రికలో ప్రూఫులు చూసేవాణ్ణి. ఆ ఎడిషన్ ఎత్తేశారు. మూడు నెలలుగా అక్క ఇంట్లో తింటూ కూర్చున్నాను. ఆ బుధవారం పొద్దున ఏడింటికి పరబ్రహ్మంగారి మేనేజరు వరప్రసాద్ ఫోన్ చేశాడు.

"తెరెసమ్మగారూ, శుక్రవారం రిలీజండీ. ఇవాళ పదకొండింటికి ఇక్కడే ప్రెస్‌మీట్. తొట్టి చూస్తే మజ్జిగలా ఉంది. ఎవడో దానికి గుప్పెడు రొయ్యలు మేపాడు. పదింటికల్లా అద్దంలా ఉండాలి, లేకపోతే సార్ నన్ను ఆ తొట్టిలో వేస్తారు."

"మీరు పట్టరు లెండి" అంది అక్క. నా వైపు తిరిగి, "లేవరా. ఇవాళ రెండో చెయ్యి కావాలి" అంది.

వెళ్ళేసరికి వెనక బాల్కనీలో మూడు డ్రమ్ములూ ఖాళీ. ముందురోజు మందు కలిపి పెట్టిన నీళ్ళు ఏమయ్యాయని అడిగితే డ్రైవరు యాదగిరి తల గోక్కున్నాడు.

"గవి కార్లు కడగనీకి పట్టినయి అనుకున్న అమ్మా. రిలీజ్ గద, నాలుగు బండ్లు కడిగిన. జర మెరుస్తున్నయి చూడుండ్రి."

అక్క కుళాయి తిప్పి దోసిట్లో నీళ్ళు పట్టి వాసన చూసింది. మొహం చిట్లించింది. "క్లోరిన్ ఇవాళ ఘాటుగా ఉంది. పైన ట్యాంకులో నిన్నటి నీళ్ళేమన్నా ఉన్నాయేమో చూసొస్తాను. నువ్వు డ్రమ్ములు కడుగు. తొట్టి జోలికి వెళ్ళకు" అని లిఫ్టు లేని ఆ బిల్డింగులో నాలుగంతస్తులు ఎక్కింది.

తొమ్మిదిన్నర అయింది. వరప్రసాద్ ఇస్త్రీ చొక్కాలో చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఏంటండీ బెన్సన్‌గారూ, ఇంకా మొదలే పెట్టలేదా? ఒక గొట్టం లోపల, ఒక గొట్టం బయటికి. అటు నుంచి పోతుంటే ఇటు నుంచి వస్తుంది. మట్టం తగ్గదు, పనీ అయిపోతుంది. మందు పైనుంచి వేసెయ్యచ్చు, సీసా మీద రాసుంది కదా. మీరు చదువుకున్నవాళ్ళు, చూడండి."

చూశాను. తొట్టిలో నేరుగా వేయవచ్చని రాసి ఉంది. ఇరవై ఏళ్ళు ఇతరుల అక్షరాలు దిద్దినవాణ్ణి, కింద ఇంకా చిన్న అక్షరాల్లో ఉన్న రెండో వాక్యం చదవలేదు. అలా వేసేటప్పుడు తొట్టి మొత్తానికీ సరిపడా వేయాలని అందులో ఉంది. నేను మూతెడు పోశాను. రెండు గొట్టాలూ పెట్టాను. అక్క నాలుగు గంటల్లో చేసే పని నేను అరగంటలో చేస్తున్నానని నాలో నేను సంతోషపడ్డాను కూడా.

నీళ్ళు తేటపడ్డాయి. మట్టం బొట్టుబిళ్ళ దగ్గరే ఉంది. గాజులోంచి చూస్తే ఏమీ జరగనట్టే ఉంది. పది బకెట్ల నీళ్ళు మారాయో ముప్ఫయి మారాయో చెప్పే గుర్తు ఎక్కడా లేదు. ఆ మట్టం కదలకపోవడమే నన్ను మోసం చేసింది.

పది కావస్తుండగా చేప పైకి వచ్చింది. నోరు నీటి పైన తెరిచి మూస్తోంది. మొప్పలు విప్పారి లోపల ఎర్రగా కనిపిస్తున్నాయి. ఒంటి మీంచి తెల్లటి పొర ఒకటి దారాల్లా లేస్తోంది. ఒక్కసారి ఒళ్ళు విదిల్చి మూతకేసి కొట్టుకుంది. ఆ చప్పుడుకి రిసెప్షన్‌లో అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. మందు చాల్లేదని మాత్రం తట్టింది. సీసా మొత్తం వంచేశాను.

చేప ఇంకా పక్కకి ఒరిగింది. నేను ఖాళీ సీసా తీసి డ్రమ్ము వెనక్కి తోశాను. ఎందుకు తోశానో ఇప్పటికీ చెప్పలేను. నా చెయ్యి నన్ను అడగకుండా చేసింది.

అప్పుడే అక్క, పైన ట్యాంకు తాళం తీయించి చూసి, దిగి వచ్చింది. గుమ్మంలోనే తొట్టిని చూసింది. పరిగెత్తలేదు. నేరుగా వెళ్ళి కుళాయి కట్టేసింది, బయటికి పోయే గొట్టం లాగేసింది. ఆ తర్వాత నన్ను అడిగింది.

"మందు ఎంత పోశావు?"

వరప్రసాద్ పక్కనే ఉన్నాడు. రిసెప్షన్ అమ్మాయి చూస్తోంది.

"మూతెడే అక్కా" అన్నాను.

"ఎంతసేపు నడిచింది గొట్టం?"

"అరగంట."

"అయితే నిప్పు ఆరలేదు" అని సంచిలోంచి రెండో సీసా తీసింది. సిరంజి నిండా లాగింది. సిరంజి నీటి మీదికి వచ్చింది. నేను నోరు తెరవకపోతే ఆ చేప నా అబద్ధంతోనే చచ్చిపోతుందని ఆ క్షణంలో నాకు అర్థమైంది. ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"సీసా మొత్తం పోసేశానక్కా."

ఆమె నా వైపు చూసిన చూపులో కోపం లేదు. కోపం ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. ఆమె అప్పుడే లెక్క మార్చుకుంటోంది. సిరంజిలో మందు నేల మీద పిచికారీ చేసేసింది.

"అయితే ఇప్పుడు దానికి కావాల్సింది మందు కాదు, గాలి. నీళ్ళు తగ్గించాలి."

వరప్రసాద్ తొట్టికి అడ్డం వచ్చాడు. "తగ్గించడమేంటండీ? ఇవాళా?"

"ఫిల్టర్ గొట్టం మూతి నీళ్ళలో మునిగి ఉంది. జానెడు తగ్గిస్తే ఆ నీళ్ళు పైనుంచి ధారగా పడతాయి. పడేటప్పుడు గాలి కలుస్తుంది. మిగతాది చెంబులతో ఎత్తి పోద్దాం. ప్రసాద్‌గారూ, చొక్కా చేతులు మడవండి."

"తెరెసమ్మగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. సార్ వస్తున్నారు."

"నా కాళ్ళెందుకండీ, చెంబు పట్టుకోండి."

బకెట్ ముంచింది. నీళ్ళు బొట్టుబిళ్ళ కిందికి దిగాయి. రెండో బకెట్, మూడో బకెట్. ఆరేళ్ళలో ఆ తొట్టిలో గాజు ఖాళీగా కనిపించడం అదే మొదటిసారి. ఫిల్టర్ నీళ్ళు ధార కట్టాయి. నేను, యాదగిరి, చివరికి వరప్రసాద్ కూడా, చెంబులతో నీళ్ళు ముంచి మూరెడు ఎత్తునుంచి వదలడం మొదలుపెట్టాం. అక్క ఒక చేత్తో చేపని పడిపోకుండా నిటారుగా పట్టుకుని, మొప్పలకేసి ధార తగిలేట్టు నిలబడింది. చీర నడుము దాకా తడిసిపోయింది.

పరబ్రహ్మంగారు ఆ సమయానికి లోపలికి వచ్చారు. తెల్ల పంచె, నుదుట కుంకుమ, వెనక ఇద్దరు మనుషులు. తొట్టి వైపు చూశారు. చేపని చూడలేదు. నీటికీ గాజు అంచుకీ మధ్య ఉన్న ఆ జానెడు ఖాళీని చూశారు.

"ఎవరు తగ్గించారు?"

నేను చెప్పాలి. నా నోరు తెరుచుకునే లోపల అక్క అంది.

"నేనే సార్."

"నింపు. ఇప్పుడే నింపు."

"నింపమంటే నింపేస్తాను సార్. గొట్టం ఇక్కడే ఉంది. పావుగంటలో చేప చచ్చిపోతుంది. నిండు తొట్టిలో చచ్చిన చేప కావాలా, తగ్గిన తొట్టిలో బతికిన చేప కావాలా, మీరు చెప్పండి. ప్రెస్ వాళ్ళొచ్చే టైమైంది."

ఆయన సోఫాలో కూలబడ్డారు. బయట కార్లు ఆగుతున్నాయి. మైకుల వాళ్ళ మాటలు మెట్ల మీద వినిపిస్తున్నాయి. వరప్రసాద్ బుర్రే పని చేసింది. మూల నిలబెట్టి ఉన్న సినిమా ఫ్లెక్సీని ఈడ్చుకొచ్చి తొట్టికి అడ్డం పెట్టించాడు. హీరో కత్తి ఎత్తి నిలబడి ఉన్నాడు. ఆయన వెనక నేనూ మా అక్కా యాదగిరీ చెంబులు ఎత్తి పోస్తున్నాం. ముందు ప్రెస్‌మీట్ నడుస్తోంది.

"సార్, వెనక ఆ నీళ్ళ చప్పుడేంటి?" ఒక విలేఖరి గొంతు.

తర్వాత పరబ్రహ్మంగారి గొంతు. "మా సినిమాలో జలపాతం సీనుందమ్మా. సౌండ్ ఎఫెక్ట్."

యాదగిరి నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. అక్క నవ్వలేదు. పెదాలు కదులుతున్నాయి. నేను చేతులు నొప్పెట్టి ఆగితే మోచేత్తో పొడిచింది.

ఒంటిగంటన్నరకి చేప ఆమె చేతిలోంచి తనంతట తను జారి, తొట్టి అడుగుకి వెళ్ళి, మూలకి తిరిగింది. మొప్పలు మామూలుగా ఆడుతున్నాయి. అక్క చెయ్యి బయటికి తీసింది. వేళ్ళు నానిపోయి ముడతలు పడ్డాయి. "బతికాడురా" అంది నెమ్మదిగా. ఆ చేపని ఆమె "వాడు" అనేది.

ఇంటికి వచ్చే దారిలో ఆటోలో నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "మళ్ళీ ఎప్పుడన్నా మందు గురించి నాకు అబద్ధం చెప్పావంటే నువ్వు నా తమ్ముడివి కావు" అని మాత్రం అంది. ఆ సాయంత్రం మిరపకాయ బజ్జీలు వేసింది.

సినిమా శుక్రవారం విడుదలైంది. ఆదివారానికి ఫ్లాపని తేలిపోయింది. సోమవారం పొద్దున వరప్రసాద్ ఫోన్. "మీరింక రావద్దన్నారండీ సార్. నన్నేం చెయ్యమంటారు చెప్పండి" అన్నాడు. అతని గొంతులో నిజంగానే బాధ ఉంది. ఆ నెలలో ఇంకో ఆరిళ్ళ వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అదే మాట చెప్పారు. ఫిల్మ్ నగర్‌లో ఆ కబురు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి టీతోపాటే వెళ్ళింది. తెరెసమ్మ రిలీజ్ వారంలో నీళ్ళు తగ్గించిందట.

వరప్రసాద్ ఫోన్ వచ్చిన మర్నాడే, మంగళవారం, అక్కకి చెప్పకుండా పరబ్రహ్మంగారి దగ్గరికి వెళ్ళాను. తొట్టి నిండా నీళ్ళున్నాయి. చేప హాయిగా తిరుగుతోంది. ఆయన గదిలో నిలబడి జరిగింది మొత్తం చెప్పాను. గొట్టం పెట్టింది నేను, మందు తప్పు కొలిచింది నేను, సీసా వంచింది నేను, దాచింది నేను, అబద్ధమాడింది నేను. మా అక్క చేసిందల్లా మీ చేపని బతికించడమే అన్నాను. తిడతారు, కొడతారు, నన్ను గెంటేసి ఆమెని పిలుస్తారు అనుకున్నాను.

ఆయన ఓపిగ్గా విన్నారు. చెయ్యి ఊపారు.

"ఏదో పొరపాటయ్యా. మందు ఎక్కువ తక్కువలు ఎవరికైనా వస్తాయి. చేప బాగానే ఉందిగా. దాన్నేం పట్టించుకోకు." ముందుకి వంగి గొంతు తగ్గించారు. "కానీ మీ అక్కయ్య నీళ్ళు తగ్గించింది. అది నేను నా కళ్ళతో చూశాను."

చంపబోయినవాణ్ణి క్షమించి, బతికించినదాన్ని క్షమించని మనిషి నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆయన చెడ్డవాడు కూడా కాదు. నాకు మంచినీళ్ళు తెప్పించారు.

"నువ్వు నిజాయితీ ఉన్నవాడివి. పని కూడా తెలిసినట్టుంది. రేపట్నుంచి ప్రతి బుధవారం నువ్వే రా" అన్నారు.

ఇంటికెళ్ళి అక్కకి ఈ మాట చెప్పడానికి గంట పట్టింది. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. మొత్తం విని, చేతిలో కాయ పక్కన పెట్టి నవ్వింది. నవ్వుతూనే ఉంది. ఎంతసేపటికీ ఆపకపోతే నాకు భయం వేసింది.

"వెళ్ళు" అంది చివరికి.

"నేను చచ్చినా వెళ్ళను."

"నువ్వు చస్తే సరే. వాడు చస్తాడు కదరా. నువ్వు వెళ్ళకపోతే ఎవడినో పెడతారు. ఆ ఎవడో గొట్టం పెడతాడు. లే, సిరంజి పట్టుకో. ఇవాళ నేర్పుతాను."

ఆ రాత్రి భోజనానికి ముందు మా వంటింట్లో ఇరవై సార్లు నాతో మందు కొలిపించింది. తప్పు గీత దగ్గర ఆపితే గరిటెతో వేళ్ళ మీద కొట్టింది. తన పని పోయింది, ఆ పని నా చేతిలో పెడుతోంది, ఆమె చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆ ఆఫీసు గుమ్మం ఆమె మళ్ళీ ఎక్కలేదు. జూబ్లీహిల్స్‌లో సినిమాలతో సంబంధం లేని ఇళ్ళు మెల్లగా వెతుక్కుంది. వెళ్ళిన ప్రతి చోటా మొదటి మాట ఇదే: "నేను నీళ్ళు తగ్గించి చేస్తానండీ. చూడలేకపోతే ఇప్పుడే చెప్పండి." నాలుగేళ్ళలో తొమ్మిదిళ్ళు అయ్యాయి. నేను మాత్రం ప్రతి బుధవారం ఒక బకెట్ తీసి, ఒక బకెట్ పోసి, నాలుగు గంటలు నిలబడి వచ్చేవాణ్ణి. గుమ్మంలో చెప్పులు విప్పకుండానే అడిగేది, "వాడెలా ఉన్నాడు?" అని.

సమాధి దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రం పరబ్రహ్మంగారు నాకే ఫోన్ చేశారు.

"ఇప్పుడే తెలిసింది బెన్సన్. చాలా బాధేసింది. మంచి మనిషి. ఆ ఒక్క రోజు నీళ్ళు తగ్గించకుండా ఉండాల్సింది పాపం."

ఇంటి నిండా చుట్టాలు. ఎవరో నా చేతిలో టీ గ్లాసు పెట్టారు.

"వచ్చే బుధవారం వస్తావుగా?" అన్నారాయన.

వస్తానన్నాను. వెళ్ళాను. వెళ్ళకపోతే ఆ సీసా ఎవరు ఎంత వంచుతారో నాకు తెలుసు.